కథకుని వారపు చిట్టా

వార్షిక సంచికకు రచనలు కోరుతూ ప్రకటన ఫలకం మీద కాగితం అంటించినది మొదలు గడువు ముగిసే వరకు మన కళాశాలలలో జరిగే తంతు అందరికీ తెలిసినదే. వ్యాసాలు ముందుగా వస్తాయి. గజళ్లు, నజ్ములు, వచన కవితలు తరువాత వస్తాయి. కథలు మాత్రం చివరి రెండు రోజులలో, అందునా చివరి గంటలో, ఇంకా సిరా ఆరని కాగితాలతో వస్తాయి. వాటిలో మొదటి రెండు పుటలు చక్కగా ఉంటాయి. ఒక ఇరుకు వీధి, ఒక ముసలి నానీ, ఒక దర్జీ దుకాణం, ఒక అద్దె ఇల్లు కళ్లకు కట్టినట్లు కనబడతాయి. మూడవ పుట దగ్గర రచయితకు నిద్ర ముంచుకొని వచ్చినట్లు తెలిసిపోతుంది. నాలుగవ పుటలో ఎవరో ఒకరు బస్సు కింద పడి మరణిస్తారు, కథ ముగుస్తుంది. ఇన్నేళ్లుగా ఇంతమంది కథానాయకులను బలిగొన్న ఆ బస్సు మరేదో కాదు, గడువు తేదీయే.

మన విద్యార్థులకు ప్రతిభ లేదనేవారితో నేను ఏకీభవించను. ఆ మొదటి రెండు పుటలే అందుకు సాక్ష్యం. లోపం మరొక చోట ఉన్నది. "కథ అంతా మనసులో పూర్తయింది, కాగితం మీద పెట్టడమే తరువాయి" అని వారు అంటూ ఉంటారు. ఆ తరువాయి అన్నదే అసలు పని అని వారికి ఎవరూ చెప్పలేదు. మనసులో ఉన్నంత కాలం ప్రతి కథా గొప్పదే. అక్కడ వాక్యాలు తడబడవు, పాత్రలు ఎదురు తిరగవు. కాగితం మీదకు దిగిన తరువాత గాని కథకు కష్టాలు మొదలుకావు. ఆ కష్టాలను వారానికి కొంచెం చొప్పున ఎదుర్కొనడం ఎట్లా, ఎదుర్కొన్నామో లేదో తెలుసుకొనడం ఎట్లా అన్నదే ఈ వ్యాసంలో నేను విచారింపదలచిన విషయం.

స్వతంత్ర రచయిత అనే మాటను ఇక్కడ పరిమితమైన అర్థంలో వాడుతున్నాను. ఎవరి రచన కొరకు ఏ సంపాదకుడూ ఎదురు చూడడో, ఎవరికి ఏ ప్రచురణకర్తా ముందుగా పైకం ఇవ్వడో, రాయకపోయినందువల్ల ఎవరి ఇంటా పొయ్యి ఆరిపోదో, అట్టివాడు స్వతంత్ర రచయిత. మన విద్యార్థులందరూ ఈ కోవకు చెందినవారే. ఆ మాటకు వస్తే నేడు తెలుగులో కథలు రాస్తున్నవారిలో పెక్కురు ఈ కోవలోనివారే. ఉద్యోగమో వ్యాపారమో చేసుకొంటూ, తెల్లవారుజామున రాసుకొని, సొంత సొమ్ముతో కొద్ది ప్రతులు అచ్చు వేయించుకొని, మిత్రులకు పంచేవారు. ఇట్టివానికి స్వాతంత్ర్యం పూర్తిగా ఉన్నది. రాయకుండా ఉండే స్వాతంత్ర్యం కూడా అందులో ఒకటి. అడిగేవాడు లేని పని వాయిదా పడుతుంది. కనుక అడిగేవాడిని తానే నియమించుకొనవలసి ఉన్నది. వారానికి ఒకసారి తెరిచే ఒక చిన్న చిట్టా పుస్తకమే ఆ అడిగేవాడు.

ఈ మాట చెప్పగానే సాహిత్యాభిమానులు నొసలు ముడి వేస్తారు. రచన అనేది కిరాణా దుకాణమా, లెక్కలు రాసుకొనడానికి అని అడుగుతారు. ఈ అభ్యంతరానికి మన రెండు భాషలలోనూ పెద్ద చరిత్ర ఉన్నది. ఉర్దూ విమర్శకులు కవిత్వంలో 'ఆమద్' అని 'ఆవర్ద్' అని రెండు తెగలు చూపిస్తారు. తనంతట తాను వచ్చినది ఆమద్. ప్రయత్నించి తెచ్చుకొన్నది ఆవర్ద్. గౌరవమంతా మొదటిదానికే. తెలుగువారు ఆశుధారకు, అవధానానికి నీరాజనాలు పట్టిన జాతి. విశ్వనాథ సత్యనారాయణగారు 'వేయిపడగలు' అంతటి మహా నవలను 29 రోజులలో ఆశువుగా చెప్పగా తమ్ముడు రాసుకొన్నాడని ఈనాటికీ ముచ్చటగా చెప్పుకొంటారు. ఆ ముచ్చట విని ఇరవై ఏళ్ల కుర్రవాడు ఏమి గ్రహిస్తున్నాడు? తనకూ ఒక ఇరవైతొమ్మిది రోజులు ఎప్పుడో ఒకప్పుడు ఆకాశం నుండి దిగివస్తాయని గ్రహిస్తున్నాడు. ఆ 29 రోజుల వెనుక ఉన్న సంస్కృతాంధ్ర పఠనం, పద్య రచనాభ్యాసం ఆ ముచ్చటలో వినిపించవు.

షేర్ రెండు పాదాలలో ముగుస్తుంది. రిక్షాలో ఇంటికి పోతూ ఉండగా రావచ్చును, ఇంటికి చేరేలోగా పూర్తి కావచ్చును. కథ అట్లా కాదు, నవల బొత్తిగా కాదు. వంద పుటల పొడవునా ఒకే పాత్రను ఒకే స్వభావంతో నడిపించడానికి రచయిత వంద మార్లు ఒకే ఇంటిలో అడుగు పెట్టవలసి ఉంటుంది. ఆమద్ వచ్చిననాడు రాసి, రానినాడు మానివేసే వ్యక్తికి, మరల వచ్చేసరికి ఆ ఇంటి గుమ్మం ఎటు ఉన్నదో మరపునకు వస్తుంది. మొదటి పుటలో నాయిక చెల్లెలి పేరు ఫాతిమా, ఐదవ పుటలో ఆమె నసీమా అవుతుంది. ఇది వట్టి పరిహాసం కాదు. ఈ సంచికలకు వచ్చే కథలలో తరచు కనిపించే లక్షణం.

వారపు లెక్క అన్న మాట రాగానే స్మరింపవలసిన వ్యక్తి ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలోప్. 1815లో జన్మించి 1882లో మరణించిన ఈయన 47 నవలలు రాశాడు. అయితే ఆయన తీరికగా ఇంట కూర్చున్న రచయిత కాదు. 1834లో తపాలా శాఖలో గుమాస్తాగా చేరి 1867 వరకు ఆ ఉద్యోగంలోనే కొనసాగాడు. నేడు మన వీధి మొగలో కనబడే తపాలా పెట్టె వంటిదానిని 1852లో ఛానెల్ దీవులలో పెట్టించడానికి సిఫారసు చేసినది ఈయనే. 1847లో వెలువడిన మొదటి నవలను ఎవరూ పట్టించుకొనలేదు. అప్పటికి ఆయన కూడా మన అర్థంలో స్వతంత్ర రచయితయే.

ఈయన పద్ధతి ఇది. ఉదయం ఐదున్నరకు మేజా ముందు కూర్చొనేవాడు. తనను లేపి కాఫీ ఇచ్చినందుకు ఒక ముసలి సేవకునికి సంవత్సరానికి ఐదు పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. మొదటి అరగంట అంతకు ముందు రాసినది చదువుకొనేవాడు. పిమ్మట గడియారం ఎదుట పెట్టుకొని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. ఎనిమిదిన్నరకు లేచి, ఉద్యోగానికి సిద్ధమయ్యేవాడు. ఉద్యోగరీత్యా రైళ్లలో తిరగవలసి వచ్చినప్పుడు ఒడిలో పలక వంటిది పెట్టుకొని పెన్సిలుతో రాయగా, భార్య దానిని సాపు చేసేది. 1857లో వచ్చిన 'బార్చెస్టర్ టవర్స్'లో చాలా భాగం అట్లా రైలు పెట్టెలలో తయారైనదే. 1858లో ప్రభుత్వ కార్యం మీద ఈజిప్టుకు ఓడలో పోతూ, సముద్రపు కుదుపులకు వాంతులు అవుతూ ఉంటే లేచి పోయి వచ్చి మరల కలం పట్టిన ఘనుడు. 'డాక్టర్ థార్న్' ముగించిన మరునాడే తరువాతి నవల ప్రారంభించాడు.

అన్నిటికంటె మనకు కావలసినది ఆయన చిట్టా. ప్రతి నవల మొదలు పెట్టేటప్పుడు ఒక పుస్తకంలో వారాలుగా గళ్లు గీసుకొని, ఎన్ని పుటలు అయినవో ఏ రోజుకారోజు అందులో వేసుకొనేవాడు. 250 మాటలను ఒక పుటగా లెక్కించేవాడు. వారానికి సగటున 40 పుటలు. మిక్కిలి తక్కువైనప్పుడు 20. ఒకసారి 112 వరకు పోయినది. సోమరితనంగా గడిపిన వారం ఆ పుస్తకంలో కంటికి గుచ్చుకొంటూ ఉండేదని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు.

ఈ లెక్కలను కొంచెం నిదానంగా చూడవలసి ఉన్నది. పావుగంటకు 250 మాటలంటే, చదువుకొనే అరగంట తీసివేసినా, రెండున్నర గంటలకు 2,500 మాటలు. ఏడు రోజులకు 17,500 కావలెను. కాని వారపు సగటు 40 పుటలు, అనగా 10,000 మాటలు మాత్రమే. ఈ రెండు అంకెలకు పొంతన కుదరదు. దీని అర్థం ఆయన అబద్ధమాడాడని కాదు. గడియారంతో పోటీపడి రాసే అంతటి కఠినునికి కూడా వారంలో రెండు మూడు రోజులు చేజారిపోయేవనీ, అట్లా చేజారినా పని జరిగిపోయేదనీ అర్థం. నా దృష్టిలో ట్రాలోప్ నుండి నేర్చుకొనవలసినది పావుగంట లెక్క కాదు, వారపు లెక్క. రోజు అనేది క్రూరమైన కొలత. ఒక రోజు జ్వరం వస్తుంది, ఒక రోజు ఇంటికి చుట్టాలు వస్తారు, ఒక రోజు కరెంటు పోతుంది. రోజు లెక్క పెట్టుకొన్నవాడు మూడవ రోజున తప్పి, నాలుగవ రోజున సిగ్గుపడి, ఐదవ రోజున పుస్తకాన్నే దాచివేస్తాడు. నెల అనేది మరీ ఉదారమైనది. ఇరవైఐదవ తేదీ వరకు ఎవరినీ నిద్ర లేపదు. వారం ఈ రెండింటి నడుమ ఉన్నది. క్షమిస్తుంది గాని మరచిపోదు.

ట్రాలోప్ ఆత్మకథ ఆయన మరణానంతరం 1883లో వెలువడినది. అందులో ఈ చిట్టా సంగతితో పాటు, తన పుస్తకాల మీద వచ్చిన మొత్తం 68,939 పౌండ్ల 17 షిల్లింగుల 5 పెన్నీలు అని పైసలతో సహా లెక్క కట్టి చూపించాడు. పాఠకలోకం కొంత నొచ్చుకొన్నది. కళ అని నమ్మినదానిని ఈయన చెప్పులు కుట్టే పనితో పోల్చాడని విమర్శకులు ఈసడించారు. ఆ తరువాత చాలాకాలం ఆయన పేరు మసకబారడానికి ఈ ఆత్మకథ కూడా ఒక కారణమని చెబుతారు. చెప్పులు కుట్టే పనిలో ఏమి అవమానం ఉన్నదో నాకు అర్థం కాదు. మన విద్యార్థులలో ఎందరి తండ్రులో చేతి పనుల మీద బ్రతుకుతున్నారు. బీడీలు చుట్టే తల్లికి వేయి ఎప్పుడు నిండినదో లెక్క ఉంటుంది. ఆ వేయిలో బాగులేనివి గంపలో నుండి తీసివేయబడతాయనీ ఆమెకు తెలుసును. రాశిని, వాసిని ఒకే చేత పట్టుకొని ఆమె సంసారం ఈదుతున్నది. ఆమె బిడ్డ కథ రాసేటప్పుడు మాత్రం లెక్క నీచమైనదని ఎందుకు అనుకొనవలెను?

అయితే లెక్కించవలసినది మాటలనేనా? ఇక్కడ ఆంగ్ల పద్ధతిని ఉన్నది ఉన్నట్లు తెచ్చుకొంటే మనం మోసపోతాము. అమెరికాలో 1999లో 21 మందితో మొదలై, ప్రపంచమంతా వ్యాపించి, 2025లో మూతపడిన 'నవలా రచన మాసం' అనే ఉద్యమం ఒకటి ఉండేది. నవంబరు నెలలో 50,000 మాటలు, అనగా రోజుకు సుమారు 1,667 రాయవలెనని దాని నియమం. మన యువకులు కొందరు ఆ అంకెను తెలుగులో అందుకొనబోయి బోర్లపడ్డారు. కారణం సులభం. 'వెళ్లలేకపోయినప్పటికీ' అన్నది మనకు ఒక్క మాట. ఆంగ్లంలో అదే భావానికి నాలుగైదు మాటలు కావలెను. సంధి కలిపితే ఒక మాట, విడదీస్తే రెండు. ఉర్దూలో విభక్తులు విడివిడిగా నిలుస్తాయి గనుక అక్కడ లెక్క మరొక తీరుగా ఉంటుంది. ఒకే కథను ఉర్దూలో రాసిన విద్యార్థికి ఎక్కువ మాటలు, తెలుగులో రాసిన విద్యార్థికి తక్కువ మాటలు వస్తే, మొదటివాడు ఎక్కువ శ్రమించినట్లా? మనకు పూర్వం నుండి ఉన్న కొలత అరఠావు పుట. పత్రికలవారు కూడా కథ ఇన్ని అరఠావులకు మించరాదని అడిగేవారు. చేతిరాత అయితే ఎవరి అరఠావు వారికి కొలత. ఫోనులో రాసుకొనేవారు ఏదో ఒక అంకెను ఎంచుకొని దానికే కట్టుబడి ఉంటే చాలును. పొరుగువానితో పోల్చుకొనడానికి కాదు గదా ఈ లెక్క.

అంకె ఒక్కటే చాలదు. అమెరికన్ రచయిత హెమింగ్వే హవానా సమీపంలోని తన ఇంటిలో, గోడకు తగిలించిన అట్ట మీద రోజు రోజూ రాసిన మాటల సంఖ్య వేసుకొనేవాడు. 1958లో అచ్చయిన ఒక ప్రసిద్ధ సంభాషణలో ఆ అంకెలు కొన్ని ఉదాహరించబడ్డాయి: 450, 575, 462, 1250, మరల 512. ఆ 1250 చూసి ఆవేశం వచ్చిన రోజు అని భ్రమపడరాదు. మరునాడు సముద్రం మీద చేపల వేటకు పోవాలని, మనసు పీకకుండా ఉండటానికి ముందు రోజే అదనంగా రాసుకొన్నాడు. లెక్క ఉన్నందువల్లనే ఆయనకు నిర్భయంగా సెలవు దొరికినది. లెక్క లేనివానికి సెలవు కూడా ఉండదు, ఉన్నదంతా ఎగవేతయే.

జాన్ స్టైన్‌బెక్ దారి వేరు. 1939లో వెలువడిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలను ఆయన 1938 వేసవి నుండి అక్టోబరు వరకు రాశాడు. ఆ కాలమంతా పక్కన ఒక దినచర్య పుస్తకం నడిపాడు. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, 1989లో అది అచ్చయినది. రోజుకు రెండు వేల మాటలు అనే లక్ష్యం అందులో ఉన్నది. కాని ఆ పుస్తకాన్ని విలువైనదిగా చేసినది ఆ అంకె కాదు. ఇరుగుపొరుగు చప్పుడు, ఇల్లు కొనే తగాదా, వచ్చిపోయే అతిథులు, తాను ఈ పనికి తగినవాడను కానేమో అనే సందేహం, అన్నీ ఆ కాగితాల మీద దింపుకొని, మనసు తేలిక చేసుకొని, ఆ తరువాత నవల కాగితం మీదకు పోయేవాడు. ప్రపంచం మెచ్చుకొన్న ఆ నవల రాస్తున్నప్పుడు దాని రచయితకే దాని మీద నమ్మకం లేదని తెలియడం మన కుర్రవారికి పది ఉపన్యాసాల కంటె ఎక్కువ మేలు చేయగలదు.

పూర్వం ఈ లెక్కను రచయిత పెట్టుకొనవలసిన అవసరం లేకపోయినది, పత్రికయే పెట్టేది. లక్నోలో నవల్ కిషోర్ ముద్రణాలయం వారి 'అవధ్ అఖ్బార్'లో 1878 నుండి రతన్‌నాథ్ సర్షార్ 'ఫసానా-ఎ-ఆజాద్'ను ధారావాహికగా రాశాడు. 1880లో అది గ్రంథంగా వచ్చినది. కథాసంవిధానం వదులుగా ఉన్నదని అందరూ ఒప్పుకొంటారు. లక్నో వీధులు, సంతలు, ముషాయిరాలు, ఖోజీ వంటి హాస్యపాత్ర మాత్రం ఈనాటికీ సజీవంగా ఉన్నాయి. ప్రేమ్‌చంద్ అంతటివాడు దానిని హిందీలో సంక్షేపించాడు. ఇబ్నె సఫీ 1952 నుండి 'జాసూసీ దునియా'లో నెలకొక నవల చొప్పున రాస్తూ ఉంటే రైలు స్టేషను దుకాణాల దగ్గర జనం కాచుకొని ఉండేవారు. అంతటి యంత్రవేగం గల మనిషి కూడా 1960 తరువాత అనారోగ్యంతో సుమారు మూడేళ్లు ఒక్క నవల రాయలేకపోయాడు. 1963లో మరల కలం పట్టి 1980లో మరణించేవరకు రాశాడు. తెలుగులో 1960 నుండి 1990 వరకు వారపత్రికల సీరియళ్లు ఎందరు గృహిణులను నవలాకర్తలుగా తీర్చినవో లెక్క లేదు. వంట ముగించి, పిల్లలను నిద్రపుచ్చి, మంగళవారం తపాలాకు అందేటట్లు ప్రకరణం పూర్తి చేయడం వారికి పత్రిక నేర్పినది. ఆ నవలలలో తాలు ఎక్కువ అని పండితులు ఆక్షేపించారు. నేను కాదనను. కాని తాలుతో పాటు గింజ కూడా ఆ కళ్లం మీదనే దొరికినది. నాటి వారపత్రికలలో పెక్కు నేడు లేవు. 'సశేషం' అని అచ్చులో కనబడిన తరువాత రాయక తప్పని ఆ నిర్బంధం పోయినది. దానిని రచయిత తన చేతులతో తానే కట్టుకొనవలసిన కాలం వచ్చినది.

ఉద్యోగం మానక రాయడానికి మన దేశంలో కొడవటిగంటి కుటుంబరావుగారి కంటె మంచి ఉదాహరణ అక్కరలేదు. 1952 నుండి 1980లో కన్నుమూసే వరకు 'చందమామ' పనిలో ఉంటూనే కథలు, నవలలు, వ్యాసాలు పుంఖానుపుంఖంగా రాశారు. తీరిక దొరికితే రాస్తానని అనుకొన్నట్లయితే ఆ సాహిత్య సంపుటాలు ఉండేవి కావు.

ఇక చిట్టాలో ఏమి రాయవలెను? కలం, కాగితం, తారీఖు, జమ, ఖర్చు, బాకీ, హాజరు. ఈ పుస్తకానికి కావలసిన మాటలన్నీ తెలుగుకు ఉర్దూ పారసీకాల నుండి వచ్చినవే కావడం ఒక చమత్కారం. మన ఉభయ భాషల విద్యార్థులకు ఈ ఒక్క పుస్తకంలో నిఘంటువు అక్కరలేదు. హాజరు కింద, ఆ వారంలో ఎన్నిసార్లు ఎంతసేపు కూర్చొన్నది వేయవలెను. ఒక్క వాక్యం కూడా రాకపోయినా కూర్చొన్నది హాజరే. జమ కింద పుటలు. ఖర్చు కింద కొట్టివేసిన పుటలు. వీటిని చూసి దిగులుపడరాదు, కొట్టివేయడం చేతకానివాడు ఇంకా రచయిత కాలేదు. అన్నిటికంటె ముఖ్యమైనది బాకీ. కథ ఎక్కడ ఆగినదో, ఎందుకు ఆగినదో ఒక్క వాక్యంలో రాయడం. 'రషీద్ దుబాయి నుండి తిరిగి వచ్చినాడు. తల్లి అతనిని చూసి మొదట ఏమంటుందో తేలలేదు' అని రాసుకొన్నవాడు వారమంతా బజారులో, బస్సులో, వజూ చేసుకొంటూ కూడా ఆ తల్లి మాట కొరకు వెదుకుతూనే ఉంటాడు. 'ఈ వారం రాయలేదు' అని మాత్రమే రాసుకొన్నవాడు ఏమి వెదకగలడు?

ఖాళీ వారాలను చింపివేయరాదు. పరీక్షల వారం, అక్క పెళ్లి వారం, దుకాణంలో పండుగ బేరాల వారం, వాటిని వాటి పేర్లతోనే నిలపవలెను. రంజాన్ నెల లెక్క వేరు. సాయంత్రం పూట రాయడం కుదరదు. కాని సహరీకి లేచిన ఇంటిలో ఫజర్ నమాజు ముగిసిన తరువాత లభించే ఆ నిశ్శబ్దపు గంట వంటిది మిగిలిన పదకొండు నెలలలో దొరకదు. ఎవరి ఇంటి గడియారాన్ని బట్టి వారి వారం కట్టుకొనవలెను. కొందరికి వారం శుక్రవారంతో ముగుస్తుంది, కొందరికి ఆదివారంతో. ఆడపిల్లలకు ఇంటి పనుల నడుమ గంటసేపు ఒక్కచోట కూర్చొనే వీలు మగపిల్లలంత సులభంగా చిక్కదన్న సంగతి పెద్దలు గుర్తించవలెను. వారి చిట్టాలో నాలుగు పావుగంటలు ఒక గంటకు సమానం కావు, ఎక్కువ.

చిట్టా వల్ల వచ్చే కీడు కూడా ఉన్నది. అంకె పెరగాలన్న ఆశతో సంభాషణలను సాగదీసేవారు తయారవుతారు. "వచ్చావా?" "వచ్చాను." "ఎప్పుడు వచ్చావు?" "ఇప్పుడే వచ్చాను." ఇట్టి నాలుగు వరుసలతో పుట నిండుతుంది, కథ ఒక్క అడుగు కదలదు. మరికొందరు వారం వారం తమ అంకెలను ఫోనులో నలుగురికీ చూపి మెప్పు పొందుతారు. మెప్పు వచ్చిన తరువాత రాయవలసిన అవసరం సగం తీరిపోతుంది. చిట్టాను ఒక్కరికి చూపవచ్చును, అది కూడా ఎదురు ప్రశ్న వేయగలవారికి. ఊరంతటికీ చూపేది చిట్టా కాదు, గోడపత్రిక.

ఇంత శ్రమ ఎందుకని కళాశాల పాలక సంఘంవారు అడగవచ్చును. మన వీధుల జీవితం తెలుగు కథలోకి చాలా ఆలస్యంగా వచ్చినది. చాలాకాలం అందులో ముస్లిం పాత్ర అంటే ఒక అత్తరు సాయిబు, ఒక గుర్రపు బండి తోలేవాడు, సినిమాలలో అయితే వచ్చీరాని తెలుగు మాట్లాడే ఒక హాస్యగాడు. లోపలి ఇల్లు ఎవరికీ తెలియదు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' 1999లో వచ్చి, నెల్లూరులోని ఒక ముస్లిం ఇంటిని తెలుగు పాఠకుల సొంత ఇల్లుగా చేసినవి. సలీం 'కాలుతున్న పూలతోట' నవలకు 2010లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథల సంపుటికి 2012లో అకాడమీ యువ పురస్కారం వచ్చినది. దారి పడినది. కాని మన ఊరి ఖిల్లా వీధి గురించి నెల్లూరువారు గాని, వేంపల్లెవారు గాని వచ్చి రాయరు. గల్ఫ్ నుండి వచ్చే డబ్బుతో కట్టి, తాళం వేసి ఉంచిన ఇండ్లను గురించి, ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగులో ఉద్యోగ పరీక్షలు రాసే పిల్ల గురించి, రాత్రి రెండు గంటల వరకు మగ్గం పని చేసే అన్నదమ్ములను గురించి తెలిసినవారు ఈ తరగతి గదులలోనే ఉన్నారు. వారి కథలు మూడవ పుట దగ్గర బస్సు కింద పడుతున్నాయి.

కనుక నా ప్రతిపాదన ఇది. కథలకై ప్రకటన జనవరిలో కాక, కళాశాల తెరిచిన మొదటి నెలలోనే అంటించవలెను. గ్రంథాలయంలో పత్రికల అలమర పక్కనున్న పొడవాటి బల్లను వారానికి ఒక గంట, తరగతులు ముగిసిన పిమ్మట, ఉర్దూ తెలుగు భాషలలో కథ రాసేవారికి కేటాయించవలెను. గ్రంథాలయ సహాయకునికి ఆ గంటకు కొంత అదనపు భత్యం ఇవ్వవలసి వస్తుంది. ట్రాలోప్ తన సేవకునికి ఇచ్చిన ఐదు పౌండ్ల వంటిదే అది. అక్కడ ఉపన్యాసాలు వద్దు, అధ్యక్షులు వద్దు, పూలదండలు అసలే వద్దు. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇంటికి చేరేటట్లు గంటను నిర్ణయించవలెను. ప్రతి ఒక్కరికీ నలభై పుటల నోటు పుస్తకం ఒకటి కళాశాల తరఫున ఇస్తే, విద్యాసంవత్సరంలోని వారాలకు సరిపోతుంది. ఎక్కువ పుటలు రాసినవారికి బహుమతి అన్న ఆలోచన ఎవరికైనా వస్తే దానిని ఆదిలోనే తుంచివేయవలెను. అధ్యాపకులు ఆ పుస్తకాలలో చూడవలసినది ఒక్క బాకీ గడి మాత్రమే; అక్కడ రాసిన ప్రశ్నను గురించి ఆ విద్యార్థితో ఐదు నిమిషాలు మాట్లాడితే చాలును.

ఖర్చు ఎంత అవుతుందో సంఘంవారు లెక్క వేయించుకొనవచ్చును. నోటు పుస్తకాలు, భత్యం కలిపినా మన వార్షికోత్సవ వేదిక మీద ఒక్క పూట వెలిగే దీపతోరణాల అద్దె కంటె తక్కువే కావచ్చునని నా అంచనా.